క్లాస్ ఎంచుకునే ముందు, ఫైట్‌లో మీరెక్కడ నిలబడతారో తేల్చుకోండి

కొత్త ఆర్‌పీజీ (ఒక పాత్రను తయారుచేసుకుని, పెంచుకుంటూ ఆడే గేమ్) మొదలుపెట్టగానే చాలామంది క్యారెక్టర్ తయారుచేసే స్క్రీన్ దగ్గరే ఆగిపోతారు. డజను క్లాసులు (యోధుడు, మాంత్రికుడు లాంటి పాత్ర రకాలు), ఒక్కోదాని కింద నాలుగు లైన్ల వర్ణన, పక్కన అర్థం కాని స్టాట్స్ (బలం, ఓర్పు లాంటివాటి అంకెలు). సరే అని ఫోన్ తీసి ఏది బెస్ట్ క్లాసో వెతుకుతారు, ఎవరో పెట్టిన లిస్ట్‌లో పైనున్నది తీసుకుంటారు, కొన్ని గంటలాడాక బోర్ కొట్టి గేమే వదిలేస్తారు. చాలాసార్లు తప్పు గేమ్‌ది కాదు, ఆ క్లాస్ చేయించే పని వాళ్లకు పడదు, అంతే. అందుకే ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒకటే: చివరి లెవెల్‌లో అది ఎంత పవర్‌ఫుల్ అవుతుందో పక్కన పెట్టి, దారిలో ఎదురయ్యే ముగ్గురు దొంగలతో జరిగే మామూలు ఫైట్‌లో మీ చేత ఏం చేయిస్తుందో చూడండి. గేమ్‌లో ఎక్కువ భాగం గడిచేది అలాంటి ఫైట్లతోనే.

మొదట తేల్చుకోవాల్సింది దూరం. శత్రువుకు ఎదురుగా నిలబడి దెబ్బకు దెబ్బ కొట్టడం ఇష్టమా, వెనక నుంచి మంత్రమో బాణమో వేయడం ఇష్టమా, రెండింటి మధ్య ఉండి మిగతావాళ్లను నిలబెట్టడం ఇష్టమా? 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే ఆర్‌పీజీ) వచ్చినప్పుడు ఉన్న క్లాసులు మూడే: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్ (దైవశక్తితో గాయాలు మాన్పేవాడు). దొంగ క్లాస్ 1975లో వచ్చింది. ఇప్పుడు కనిపించే పాలడిన్, రేంజర్, బార్డ్ లాంటివాటిని ఎక్కువగా ఈ నాలుగింటి కలయికలుగానే చూడొచ్చు, కాబట్టి పేర్లు చూసి కంగారు పడకండి. మీకు నచ్చే చోటేదో తెలిస్తే సగం క్లాసులు వాటంతటవే పక్కకు పోతాయి.

రెండోది, మీ గేమ్ రియల్ టైమ్‌లో (ఆగకుండా) నడిచేదా, టర్న్‌ల మీద (ఒకరి తర్వాత ఒకరు, వంతులవారీగా) నడిచేదా. ఇక్కడ సలహా పూర్తిగా మారిపోతుంది.

ఎల్డెన్ రింగ్ లాంటి రియల్ టైమ్ గేమ్‌లో క్లాస్ కంటే ఆయుధం బరువే ఎక్కువ తేడా చూపిస్తుంది. అందులో మొదట ఎంచుకునే పది క్లాసులూ మొదలయ్యే స్టాట్స్, సామాను మాత్రమే, తర్వాత ఎవరైనా ఏదైనా నేర్చుకోవచ్చు. పెద్ద కత్తి పట్టుకుని బటన్ నొక్కారనుకోండి, చెయ్యి వెనక్కి వెళ్తుంది, ఒక క్షణం అక్కడే ఆగినట్టుంటుంది, తర్వాత కత్తి దిగుతుంది. ఈలోగా బాస్ (ఆ చోటి పెద్ద శత్రువు) గొడ్డలి లేపడం కనిపించినా మీరు పక్కకు దొర్లలేరు, మొదలైన దెబ్బ పూర్తవ్వాల్సిందే. తగిలిందా, చిన్న శత్రువు కింద పడి లేచేలోపు ఇంకోటి వేయొచ్చు. అదే చాకు అయితే రెండు పోట్లు పొడిచి వెంటనే దొర్లి తప్పుకోవచ్చు, కానీ బాస్ చావాలంటే ఆ పని చాలాసేపు పొరపాటు లేకుండా చేస్తూనే ఉండాలి. కాబట్టి కాసేపు ఓపిగ్గా చూసి సరైన సమయంలో ఒక్కటి గట్టిగా కొట్టడంలో మజా దొరికేవాళ్లకు బరువైన ఆయుధం, చేతులు ఖాళీగా ఉండలేనివాళ్లకు తేలికైనది. కవచం చూడ్డానికి బాగుందని వేసేసుకోవద్దు, మోయగలిగే బరువులో 70 శాతం దాటితే దొర్లడం బాగా నెమ్మదిస్తుంది, కొత్తవాళ్లను చంపేది ఎక్కువగా ఇదే. మొదటిసారి ఆడేవాళ్లు వాగబాండ్ తీసుకోండి, మామూలు ఆయుధాల దెబ్బను పూర్తిగా ఆపే డాలు అతనికి మొదటి నుంచే ఉంటుంది. దూరం నుంచి కొట్టడం కూడా కావాలంటే సామురాయ్, అతనికి కత్తితో పాటు విల్లూ వస్తుంది. రెచ్ మాత్రం ఇప్పుడే వద్దు, లెవెల్ 1లో, అన్ని స్టాట్స్ 10తో, చేతిలో ఒక దుడ్డుకర్రతో మొదలవుతాడు.

టర్న్‌ల మీద నడిచే గేమ్స్‌లో చేతి వేగంతో పని లేదు. అక్కడ అసలు ప్రశ్న, ఉన్నదాన్ని ఖర్చు పెట్టడంలో మీ స్వభావం ఎలాంటిది అని. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 రూల్స్ చూడండి, బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేమ్ కూడా చాలావరకు వాటి మీదే నడుస్తుంది. లెవెల్ 5లో విజర్డ్‌కు (మాంత్రికుడికి) ఫైర్‌బాల్ అనే మంత్రం వస్తుంది, ఎనిమిది ఆరు ముఖాల పాచికల డ్యామేజ్, సగటున 28, అదీ ఆ వలయంలో ఉన్న అందరికీ. చదవగానే నోరూరుతుంది. కానీ అంత పెద్ద మంత్రాలకు ఆ లెవెల్‌లో ఉండే స్లాట్లు (అంటే వేయగలిగే సార్లు) రెండే, తిరిగి రావాలంటే మామూలుగా రాత్రి విశ్రాంతి తీసుకోవాల్సిందే, పైగా మీ ఫైటర్ (యోధుడు) శత్రువుల మధ్య ఉంటే అతనూ కాలిపోతాడు (ఎవొకేషన్ అనే శాఖ విజర్డ్ అయితే సొంతవాళ్లను తప్పించగలడు, అందుకే మొదటిసారి అదే తీసుకోమంటాను). అదే లెవెల్‌లో ఫైటర్ ప్రతి టర్న్‌లో రెండుసార్లు కొడతాడు, ఏ స్లాటూ ఖర్చు కాదు, రోజంతా కొడుతూనే ఉంటాడు.

మంచి పోషన్లన్నీ ముందుముందు పనికొస్తాయని దాచుకుని, ఒక్కటీ వాడకుండానే గేమ్ ముగించే రకమా మీరు? అయితే విజర్డ్ వద్దు. ప్రతి ఫైట్‌లో "ఇప్పుడు వేసేస్తే తర్వాత ఎలా" అన్న టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. మీకు ఫైటర్ సరిపోతుంది, మంత్రాలే కావాలనుకుంటే వార్‌లాక్. వార్‌లాక్ స్లాట్లు తక్కువే, కానీ చిన్న విశ్రాంతితోనే తిరిగొస్తాయి, కాబట్టి దాచుకోవాలన్న ఆలోచనే రాదు.

రోగ్ (పైన చెప్పిన దొంగ క్లాస్‌కు ఇప్పటి పేరు) గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఒంటరిగా నీడలో తిరిగే హంతకుడిలా ఉంటుందని తీసుకునేవాళ్లు ఎక్కువ. రూల్ చూస్తే కథ వేరు. రోగ్ బలమంతా స్నీక్ అటాక్ (అదనపు డ్యామేజ్ ఇచ్చే దెబ్బ), అది పడాలంటే కొట్టడంలో మీకు అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకునే వీలు) ఉండాలి, లేదా మీ మనిషి ఒకరు ఆ శత్రువు పక్కనే నిలబడి ఉండాలి. అంటే రోగ్ ఆడేవాళ్లు అందరికంటే ఎక్కువగా తోటివాళ్లు ఎక్కడున్నారో చూసుకుంటూ ఆడాలి. అలా జట్టుతో కలిసి లెక్కలు వేసుకోవడం నచ్చితే ఇంతకంటే మంచి క్లాస్ లేదని నా నమ్మకం.

హీలర్ అంటే వెనక కూర్చుని గాయాలు మాన్పడమే అన్న భయం కూడా వద్దు. ఐదో ఎడిషన్ రూల్స్‌లో (పైన చెప్పిన 2014వే) మాన్పేదానికంటే తగిలే దెబ్బే ఎక్కువగా ఉంటుంది, అందుకని తెలిసిన క్లెరిక్ ముందే బ్లెస్ (తోటివాళ్ల దెబ్బ తగిలే అవకాశం పెంచే మంత్రం) వేసి, తనూ ఫైట్‌లో దిగి, ఎవరైనా పడిపోయినప్పుడు మాత్రం హీలింగ్ వర్డ్ అనే మంత్రంతో లేపుతాడు. అది బోనస్ యాక్షన్ (టర్న్‌లో అసలు పనితో పాటు చేసుకోగల చిన్న పని), దూరం నుంచే వేయొచ్చు. కాకపోతే బ్లెస్ లాంటివాటికి ఏకాగ్రత కావాలి, ఒకసారికి ఒక్కటే నిలుస్తుంది, దెబ్బ తగిలితే పోయే ప్రమాదం ఉంది. అది నిలిచేది కాన్‌స్టిట్యూషన్ (ఓర్పు) స్టాట్ మీదే, కాబట్టి దాన్ని 14 అయినా పెట్టండి.

ఆన్‌లైన్ గేమ్స్‌లో లెక్క వేరు. ఐదుగురి జట్టంటే సాధారణంగా ఒక ట్యాంక్ (ముందుండి దెబ్బలు కాచుకునేవాడు), ఒక హీలర్, ముగ్గురు డ్యామేజ్ (దెబ్బ కొట్టేవాళ్లు). ట్యాంక్‌కు దారి తెలిసి ఉండాలి, అందరూ అతని వెనకే నడుస్తారు కాబట్టి, మొదటి క్యారెక్టర్‌కు డ్యామేజ్ చాలు.

స్కైరిమ్‌లో క్లాసులే లేవు, ఏ స్కిల్ వాడితే అది పెరుగుతుంది. స్వేచ్ఛ బాగానే ఉంటుంది కానీ, దాక్కుని వేసిన బాణానికి రెట్టింపు డ్యామేజ్ పడుతుండటంతో ఎలా మొదలుపెట్టినవాళ్లయినా చివరికి పొదల్లోంచి విల్లు పట్టుకునే తేలతారు. అది వద్దనుకుంటే మొదటే నిర్ణయించుకుని స్నీక్ (దాక్కునే స్కిల్) మీద ఒక్క పెర్క్ (స్కిల్‌కు కొత్త బలమిచ్చే పాయింట్) కూడా పెట్టకండి.

రెండు క్లాసులు కలపాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. మొదటిసారి ఆడుతుంటే లెవెల్ 5 దాకా ఒక్కదానిలోనే ఉండండి, ఫైటర్ రెండో దెబ్బ అయినా విజర్డ్ పెద్ద మంత్రాలైనా సరిగ్గా అక్కడే వస్తాయి, మధ్యలో చీలిస్తే రెండూ ఆలస్యమవుతాయి.

ఇంతా చేసి నచ్చకపోతే మార్చుకోండి, మొహమాటం వద్దు. బాల్డర్స్ గేట్ 3లో విదర్స్ అనే పాత్రకు 100 గోల్డ్ ఇస్తే క్లాస్ మొత్తం మార్చేస్తాడు, ఎన్నిసార్లయినా. ఎల్డెన్ రింగ్‌లో రెన్నాలా అనే పాత్ర దగ్గర స్టాట్స్ మళ్లీ పంచుకోవచ్చు, దానికి లార్వల్ టియర్ అనే వస్తువు కావాలి, అవి లెక్కగానే దొరుకుతాయి. నచ్చిందో లేదో తెలియాలంటే కొన్ని ఫైట్లయ్యాక ఒక్కటి గమనించండి: దూరంగా శత్రువులు కనిపిస్తే అటు వెళ్లాలనిపిస్తోందా, తప్పించుకునే దారి వెతుకుతున్నారా? తప్పించుకోవడమే ఎక్కువ ఇష్టంగా ఉందంటే బార్డ్ (పాటలతో, మాటలతో నెట్టుకొచ్చే క్లాస్) తీసుకుని కరిజ్మా (ఎదుటివాళ్లను ఒప్పించే స్టాట్) 16 అయినా పెట్టండి. బాల్డర్స్ గేట్ 3లో గోబ్లిన్ల శిబిరం గేటు దగ్గర కత్తి తీయకుండా మాటలతోనే లోపలికి వెళ్లిపోవచ్చు.