ఇంక్యుబేటర్‌లో (గుడ్లు పొదిగే మిషన్‌లో) కోడిగుడ్లు పెట్టే ముందు ఇవి చూసుకోండి

• కిరాణా కొట్టులో దొరికే ఫారం గుడ్లు పొదిగించినా పిల్లలు రావు, ఆ షెడ్లలో పుంజులుండవు. పుంజు తిరిగే మందలోని నాటు గుడ్లే తీసుకోండి. పెట్టి వారం దాటనివైతే మేలు.

• గుడ్లు కడగొద్దు. పెంకు మీది సన్నటి పొర పోతే క్రిములు లోపలికి చేరతాయి. పగిలినవి, బాగా మురికివి పక్కన పెట్టేయండి.

• మిషన్‌ను ముందుగా ఒక రోజంతా ఖాళీగా నడిపి చూడండి. ఫ్యాన్ ఉన్నదైతే 37.5 డిగ్రీలు నిలకడగా ఉండాలి. డిస్‌ప్లే అంకెను నమ్మకుండా లోపల విడిగా ఒక థర్మామీటర్ పెట్టండి. వేడి కాస్త తగ్గితే పిల్లలు ఆలస్యంగా వస్తాయి, పెరిగితే మాత్రం చచ్చిపోతాయి. అందుకే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

• కరెంటు పోతే ఏం చేస్తారో ముందే అనుకోండి. ఇన్వర్టర్ ఉంటే టెన్షన్ లేదు. లేకపోతే మూత తీయకుండా, గాలి రంధ్రాలు మూసుకోకుండా దుప్పటి కప్పండి.

• గుడ్డుకు ఒక పక్క పెన్సిల్‌తో గుర్తు పెడితే తిప్పడం తేలిక. రోజుకు కనీసం 3 సార్లు, 18వ రోజు దాకా.

• తేమ మొదట 50-55 శాతం, చివరి 3 రోజులు 65-70.

• 21వ రోజుకు ముందే పిల్లలకు వెచ్చగా ఉండేలా బల్బు పెట్టిన పెట్టె సిద్ధం చేయండి. పెంకుకు చిల్లు పడ్డాక పిల్ల బయటకు రావడానికి ఒక్కోసారి 24 గంటలు పడుతుంది. జాలిపడి పెంకు ఒలవకండి, రక్తనాళాలు తెగుతాయి.