చుక్కలన్నీ సినాప్సులు కావు: యాంటీబాడీలతో సమస్యలు, పరిష్కారాలు

సమస్య: బ్లాట్‌లో సినాప్టోఫైసిన్ చక్కగా ఉంది, పీఎస్‌డీ-95 మాత్రం లేదు

సినాప్స్ అంటే రెండు నాడీకణాలు కలిసే చోటు. బ్లాట్ అంటే ప్రొటీన్లను జెల్‌లో సైజు ప్రకారం వేరుచేసి, మెంబ్రేన్ మీదికి మార్చి, వాటిని పట్టుకునే యాంటీబాడీలతో గుర్తించే పరీక్ష. సినాప్టోఫైసిన్ సినాప్స్‌లో సందేశం పంపే వైపు, పీఎస్‌డీ-95 అందుకునే వైపు ఉండే ప్రొటీన్లు. కొత్త యాంటీబాడీ కొనే ముందు, మీరు పారేసిన పెల్లెట్‌ను (సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక అడుగున చేరే ముద్దను) అనుమానించండి. పీఎస్‌డీ-95 ఉండే పోస్ట్‌సినాప్టిక్ డెన్సిటీ (అందుకునే వైపు పొర కింద కిక్కిరిసిన ప్రొటీన్ల గుట్ట) ట్రైటాన్ అనే డిటర్జెంట్‌లో సులువుగా కరగదు. దాన్ని వేరుచేసే పద్ధతే ఆ గుణం మీద నిలబడి ఉంది. 1% ట్రైటాన్ బఫర్‌తో లైసిస్ చేసి (కణాలను పగలగొట్టి), సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పై ద్రవాన్ని మాత్రమే లోడ్ చేస్తే పీఎస్‌డీ-95లో చాలా భాగం ట్యూబు అడుగునే ఉండిపోతుంది. సినాప్టోఫైసిన్ వెసికిల్ (రసాయన సందేశాన్ని మోసే చిన్న సంచి) పొరలో ఉంటుంది కాబట్టి కరిగి పైకొచ్చి, 38 కిలోడాల్టన్ల దగ్గర కనిపిస్తుంది. తేల్చుకోవాలంటే పెల్లెట్‌ను శాంపుల్ బఫర్‌లో మరిగించి పక్క లేన్‌లో నడపండి.

బ్యాండ్ అక్కడ దొరికితే, తర్వాతి సారి ప్రోటియేజ్ ఇన్హిబిటర్లు (ప్రొటీన్లు తెగకుండా కాపాడేవి) కలిపిన 1% ఎస్‌డీఎస్ (మరింత బలమైన డిటర్జెంట్) బఫర్ వాడండి. ఇది ఐసు మీద పెడితే తెల్లగా పేరుకుపోతుంది, కాబట్టి గది ఉష్ణోగ్రతలోనే పని ముగించాలి. డీఎన్‌ఏ వల్ల శాంపుల్ జిగురులా సాగితే సోనికేట్ చేయండి. ప్రొటీన్ కొలతకు బీసీఏ పద్ధతి సరిపోతుంది. బ్రాడ్‌ఫర్డ్ పద్ధతిని ఎస్‌డీఎస్ చెడగొడుతుంది.

సమస్య: వీగ్లట్1 బ్యాండ్ జెల్ నెత్తిన మరకలా ఉండిపోయింది

వీగ్లట్1 (గ్లూటమేట్‌ను వెసికిళ్లలోకి నింపేది) లాగా పొరను చాలాసార్లు దాటే ప్రొటీన్లు 95 డిగ్రీల వేడికి ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి. మరిగించకండి, 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి లోడ్ చేయండి.

సమస్య: వ్యాంప్2 కనిపించడం లేదు

ఇది వెసికిల్ పొరలో ఉండే, 20 కిలోడాల్టన్ల లోపు చిన్న ప్రొటీన్. మెంబ్రేన్‌ను దాటి అవతలికి పోయి ఉంటుంది. 0.2 మైక్రోమీటర్ల రంధ్రాలున్న మెంబ్రేన్ వాడి, ట్రాన్స్‌ఫర్ సమయం తగ్గించండి.

సమస్య: మెదడు సెక్షన్‌లో పీఎస్‌డీ-95 స్టెయిన్ మసకగా ఉంది

ఇక్కడా అదే డెన్సిటీ అడ్డం. ఫిక్సేషన్ కోసం (కణజాలాన్ని ఉన్నదున్నట్టు గట్టిపరచడానికి) రాత్రంతా 4% పారాఫార్మాల్డిహైడ్‌లో ఉంచితే కిక్కిరిసిన ఆ ప్రొటీన్లన్నీ ముడిపడి, యాంటీబాడీకి ఎపిటోప్ (అది పట్టుకునే చోటు) అందదు. కల్చర్ కణాలకు 10 నిమిషాల ఫిక్సేషన్ చాలు. మైనస్ 20 డిగ్రీల మెథనాల్ 10 నిమిషాలు పెట్టినా పనవుతుంది, కానీ అది జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్) వెలుగును తగ్గిస్తుంది. ఇప్పటికే గట్టిగా ఫిక్సయిన సెక్షన్లకు పెప్సిన్ (ప్రొటీన్లను తెంచే ఎంజైమ్) ప్రయత్నించండి: 0.2 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, 37 డిగ్రీల దగ్గర. మూడు సెక్షన్లను 2, 5, 10 నిమిషాలు ఉంచి పోల్చుకోండి. సమయం ఎక్కువైతే కణజాలం చిరుగులు పడుతుంది.

సమస్య: ఎక్కడ చూసినా చుక్కలే

ఈ రంగంలో అందరినీ మోసం చేసేది ఇదే. సినాప్స్ ఎలాగూ చిన్న చుక్కగానే కనిపిస్తుంది, చెత్తా అలాగే కనిపిస్తుంది. ప్రైమరీ (ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ) లేకుండా సెకండరీ (ప్రైమరీని పట్టుకుని వెలిగే యాంటీబాడీ) ఒక్కటే వేసిన సెక్షన్‌లోనూ చుక్కలుంటే, సెకండరీలో ముద్దలున్నట్టే. వాడబోయే ముందు 10,000 జీ దగ్గర 10 నిమిషాలు తిప్పి పైభాగం మాత్రమే తీసుకోండి. అసలు యాంటీబాడీయే వేయని ముసలి జంతువు సెక్షన్‌లో అన్ని చానెళ్లలో (రంగుల్లో) ఒకే చోట వెలిగే చుక్కలు లిపోఫస్సిన్, అంటే వయసుతో కణాల్లో పేరుకుని తనంతట తానే వెలిగే పదార్థం. ఎలుక కణజాలం మీద ఎలుక యాంటీబాడీ వాడితే సెకండరీ రక్తనాళాల్లోని ఐజీజీ అనే ఎలుక సొంత యాంటీబాడీలనూ పట్టుకుంటుంది. లేబుల్ లేని యాంటీ-మౌస్ ఫ్యాబ్ (యాంటీబాడీలో పట్టుకునే భాగం) ముక్కలతో ముందే బ్లాక్ చేయండి.

ప్రీ (పంపే వైపు), పోస్ట్ (అందుకునే వైపు) చుక్కలు పక్కపక్కనే ఉన్నాయని సంబరపడే ముందు ఒక చానెల్‌ను 90 డిగ్రీలు తిప్పి మళ్లీ లెక్కించండి. అప్పుడూ దాదాపు అన్నే జతలు దొరికితే మీరు లెక్కించింది యాదృచ్ఛికం. ఆ రెండు వైపుల మధ్య ఉండే సినాప్టిక్ చీలిక 20 నానోమీటర్లు, మామూలు కాన్ఫోకల్ సూక్ష్మదర్శిని విడదీయగలిగేది 200 పైమాటే.

సమస్య: బ్యాండ్ ఉంది, కానీ ఎవరిదో తెలియదు

పీఎస్‌డీ-93, సాప్102, సాప్97 అన్నీ పీఎస్‌డీ-95 దాయాదులే. కే28/86 క్లోన్ (ఒకే కణవంశం నుంచి వచ్చే యాంటీబాడీ) ఈ నాలుగింటినీ పట్టుకుంటుంది. పీఎస్‌డీ-95 ఒక్కటే కావాలంటే కే28/43 తీసుకోండి. బ్లాకింగ్ పెప్టైడ్‌తో (యాంటీబాడీ పట్టుకునే ప్రొటీన్ ముక్కతో) బ్యాండ్ మాయమైనంత మాత్రాన నమ్మకండి, తప్పు ప్రొటీన్‌ను పట్టుకున్న యాంటీబాడీని కూడా ఆ పెప్టైడ్ ఆపేస్తుంది. నాకౌట్ (ఆ ప్రొటీన్ జీన్ తీసేసిన) కణజాలంలో బ్యాండ్ పోవాలి.

సమస్య: ఉపరితల గ్లూఏ1 కణం లోపల కూడా వెలుగుతోంది

గ్లూఏ1 గ్లూటమేట్‌ను అందుకునే రిసెప్టార్‌లో భాగం. కణం బయటికి ఉండే దాని ఎన్-చివరను గుర్తించే యాంటీబాడీయే వాడారా చూడండి. వాడినా వెలిగితే, ఫిక్సేషన్‌లో పొరకు చిల్లులు పడి ఉండొచ్చు. డిటర్జెంట్ వేయకుండానే ఎంఏపీ2ను (కణం లోపలే ఉండే ప్రొటీన్‌ను) కూడా స్టెయిన్ చేయండి. అదీ వెలిగితే ఆ కవర్‌స్లిప్‌ను లెక్కలోంచి తీసేసి, మరోదానిలో ఫిక్స్ చేయకముందే, బతికున్న కణాల మీద ప్రైమరీ వేయండి.