కాక్లియర్ ఇంప్లాంట్ మెషిన్ సరిగ్గా పనిచేయట్లేదా? ముందు ఇవి చూడండి

కాక్లియర్ ఇంప్లాంట్ అంటే వినబడని పిల్లలకి ఆపరేషన్ చేసి లోపల పెట్టే పరికరం, దానికి శబ్దం అందించేది బయట పెట్టుకునే మెషిన్. పిలిస్తే పలకట్లేదని పిల్లని కసరకండి, మొండితనం అనుకోకండి, ముందు ఆ మెషిన్ చూడండి.

సమస్య: అస్సలు వినబడట్లేదు

చాలాసార్లు సెల్లే కారణం. 675 జింక్ ఎయిర్ సెల్స్ గాలి తగిలితేనే పనిచేస్తాయి కాబట్టి స్టిక్కర్ పీకాక ఒక్క నిమిషం ఆగి అప్పుడు పెట్టండి. షాపులో "ఇదీ 675 ఏనండి" అని మామూలు హియరింగ్ ఎయిడ్ సెల్ ఇచ్చేస్తారు, సైజు ఒకటే గానీ ఇంప్లాంట్‌కి కావాల్సినంత కరెంటు దాంట్లో రాదు, కాసేపటికే ఆగిపోతుంది, అందుకే ప్యాకెట్ మీద ఇంప్లాంట్ అని ఉందో లేదో చూసే కొనండి.

సమస్య: కాసేపు వినబడుతోంది, కాసేపు పోతోంది

కేబుల్‌ని అనుమానించండి. వంగే చోట లోపల తీగ తెగిపోతుంది, పైకి ఏమీ కనబడదు. థెరపీకి వచ్చే పిల్లల్లో అదే కంపెనీ అదే మోడల్ ఎవరికైనా ఉంటే వాళ్ళ కేబుల్ అడిగి పెట్టి చూడండి, తేడా అక్కడే తెలిసిపోతుంది. ప్రాసెసర్ (శబ్దాన్ని పట్టి లోపలికి పంపే మెషిన్ అసలు భాగం) మాత్రం ఒకరిది ఒకరికి పెట్టొద్దు, అందులో మ్యాప్, అంటే ఎంత గట్టిగా వినబడాలనే సెట్టింగ్, ఆ బిడ్డకి సెట్ చేసింది, మీ పాపకి భరించలేనంత గట్టిగా వినబడొచ్చు.

సమస్య: శబ్దం మందంగా ఉంది

చెమట, లేదా మైక్ కవర్‌లో దుమ్ము. రాత్రి తేమ పీల్చే సిలికా జెల్ డబ్బాలో పెట్టండి, మైక్ కవర్ మార్చండి. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ కొట్టడం వద్దే వద్దు.

కాయిల్ (తల మీద మాగ్నెట్‌తో అంటుకునే గుండ్రటి ముక్క) జారిపోతుంటే ఆడియాలజిస్ట్‌ని, అంటే వినికిడి నిపుణుల్ని, అడక్కుండా పవర్ ఎక్కువున్న మాగ్నెట్ వేయకండి, కింద చర్మం పుండు పడుతుంది.

సమస్య: మెషిన్ బాగానే ఉంది, పిల్ల మాట తగ్గింది

రోజూ పొద్దున్నే వెనక నిలబడి, పెదాలు కనబడకుండా ఆ, ఊ, ఈ, ష్, స్, మ్ అనండి, విన్నది పిల్లని తిరిగి అనమనండి. నిన్న పట్టుకున్న 'స్' ఇవాళ పట్టుకోలేదంటే కవర్, కేబుల్ మార్చి చూడండి, అయినా రాకపోతే మ్యాపింగ్‌కి (ఆ సెట్టింగ్ మళ్ళీ సరిచేయించడానికి) ఆడియాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఇంప్లాంట్ ఉన్న చోట వాపు వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా ఇవేవీ చూస్తూ కూర్చోకుండా నేరుగా హాస్పిటల్‌కి వెళ్ళాలి.

సమస్య: వారంటీ అయిపోయింది, డబ్బుల్లేవు

అసలు కష్టం ఇక్కడే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల, 2014 నుంచి కేంద్రం ఏడీఐపీ (వికలాంగులకి పరికరాలిచ్చే పథకం) కింద మొదట్లో ఒక్కో బిడ్డకి 6 లక్షల దాకా ఇవ్వడం వల్ల కూలి పనులు చేసుకునే ఇళ్ళలో పిల్లలకి కూడా ఆపరేషన్లు అయ్యాయి, చాలా మంచి పని, కానీ ఆ తర్వాత కేబుల్‌కి వేలు, ప్రాసెసర్‌కి లక్షలు ఎవరు పెట్టాలి? కేబుల్ కొనలేక మెషిన్ బీరువాలో పెట్టేస్తే లోపల ఇంప్లాంట్ ఎంత బాగున్నా ఆ బిడ్డకి ఏమీ వినబడదు. ఆపరేషన్‌కి డబ్బిచ్చిన ప్రభుత్వమే స్పేర్ పార్ట్స్ బాధ్యత కూడా తీసుకోవాలని నేను గట్టిగా అంటాను.

ఈలోగా చేయగలిగింది: వారంటీ ముగిసే ముందే మెషిన్ మొత్తం చెక్ చేయించి ప్రతి రిపేర్‌కీ కాగితం తీసుకోండి. పాత మోడల్‌కి పార్ట్స్ ఎప్పటిదాకా ఇస్తారో కంపెనీని మెయిల్‌లో అడగండి. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), ఆపరేషన్ కాగితాలు, కొటేషన్ పట్టుకుని సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి, ఒక్కరే కాకుండా మీ ఊళ్ళో నలుగురు పేరెంట్స్ కలిసి వెళ్ళండి. మెషిన్ బాగయ్యేదాకా బిడ్డతో సైగలతో మాట్లాడండి, సైగలు నేర్పితే మాటలు రావని ఎవరో అన్నారని మానేయకండి, ఆ వారాల్లో బిడ్డకి మీతో మాటే లేకుండా పోకూడదు.