వీడియో చూసినవారు గుమ్మం దాకా రావాలంటే: నా అనుభవం

మంగళగిరిలోని మా చేనేత చీరల దుకాణం కోసం తీసిన యూట్యూబ్ షార్ట్స్‌ను చాలామంది చూస్తున్నా, దారి అడిగే ఫోన్లే తప్ప మనుషులు వచ్చేవారు కాదు. వివరణలో మ్యాప్ లింకు పెట్టాను కదా అనుకున్నాను. కానీ 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ వివరణలోని లింకులు నొక్కినా తెరుచుకోవని ఆలస్యంగా తెలిసింది. అంతకంటే నన్ను బాధించినది, గూగుల్ మ్యాప్స్‌లో మా దుకాణం ఉన్న చోటును చూపే పిన్‌ను నేనే వెనుక సందులో పెట్టి ఉండటం. దానిని ముందు గుమ్మం మీదికి జరిపి, బస్టాండు నుంచి మా మెట్ల దాకా నడిచే దారిని ఫోన్‌తో చిత్రీకరించి, గూగుల్‌లో దుకాణం వివరాలు చూపే పేజీ అయిన బిజినెస్ ప్రొఫైల్ అనుమతించే 30 సెకన్లకు, 75 ఎంబీకి లోబడేలా కుదించి అక్కడే చేర్చాను. మొబైల్ డేటాతో చూసేవారికి చిన్న వీడియోయే మేలని నా గట్టి నమ్మకం. షార్ట్స్‌లో ఇప్పుడు లింకుకు బదులు, మ్యాప్‌లో వెతకవలసిన పేరును తెరపై పెద్ద అక్షరాలతో చూపిస్తున్నాను. గత వారం గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఎవరినీ దారి అడగకుండానే మా మెట్లు ఎక్కారు.