పక్షులు కలిసే ఎగిరాయి, డేటాలో మాత్రం కలవలేదు: కారణం ఎక్కడ వెతకాలి?

రాబందులు, గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వంటి గాలిలో తేలే పెద్ద పక్షులకు జీపీఎస్ ట్యాగులు కట్టి, ఏది దేనితో తిరుగుతున్నదో తేల్చే పీహెచ్‌డీ పనిలో ఫలితం సాధారణంగా మూడు విధాలుగా చెడుతుంది. రాత్రి మకాం దగ్గర అన్నీ కలిసే ఉన్నట్లు, పగలు మాత్రం ఏ రెండూ కలవనట్లు రావడం మొదటిది. ఒకటి రెండు పక్షులు పూర్తి ఏకాకులుగా తేలడం రెండవది. మబ్బులు పట్టే నెలలు రాగానే గుంపంతా విడిపోయినట్లు కనిపించడం మూడవది. గుంటూరు, విజయవాడల నుంచి నాకు ఫైళ్లు పంపే విద్యార్థులు ఈ మూడింటికీ పక్షుల స్వభావంలోనే కారణం వెతకడం మొదలుపెడతారు. అది చివర చేయవలసిన పని.

పగలు మాత్రమే విడిపోతే

గడియారం చూడండి. జంతువుల జీపీఎస్ డేటాను దాచే మూవ్‌బ్యాంక్ వెబ్‌సైటులో సమయాలు యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక కాలంలో ఉంటాయి. మన సమయం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ఒక ఫైలును భారత కాలమానానికి మార్చి మరొకదానిని మార్చకపోతే, రాత్రంతా ఒకే చెట్టుపై కూర్చునే పక్షుల విషయంలో ఆ తేడా బయటపడదు. అవి ఎగిరిన తరువాతే బయటపడుతుంది. గణాంకాలకు వాడే ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో కాలమండలం చెప్పకుండా సమయాన్ని చదివిస్తే, అది ల్యాప్‌టాప్ కాలమండలాన్నే తీసుకోవచ్చు. కాబట్టి ప్రతి పక్షికీ గంటల వారీగా సగటు వేగం గీసి చూడండి. నేల వేడెక్కి గాలి పైకి లేచిన తరువాతే ఈ పక్షులు గిరికీలు కొడతాయి. గుంటూరు దగ్గర పక్షులు చేరే ఉప్పలపాడు చెరువు గట్టు మీద నిలబడి చూసిన వారికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. మన దగ్గర ఉదయం తొమ్మిదిన్నరకు లేచే పక్షి యూటీసీలో నాలుగింటికి లేస్తుంది. తెల్లవారుజామున గిరికీలు కొడుతున్న గూడబాతు మీ పటంలో కనిపిస్తే అక్కడే ఆగిపోండి. రెండు నిమిషాల ఈ పరీక్షను దాటేసి ఏది దేనితో కలిసిందో చూపే నెట్‌వర్క్ బొమ్మలు నేరుగా గీసేవారిని చూసి విసుగు వచ్చింది.

ఏకాకులు, మబ్బు నెలల విడాకులు

గడియారం సరిగ్గా ఉన్నా ఈ రెండు లక్షణాలు మిగిలితే, కారణం దాదాపు ఎప్పుడూ బ్యాటరీయే. దీనిని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే డేటాలో తప్పు అంటూ ఏదీ కనిపించదు. ప్రతి ఫిక్సూ, అంటే ట్యాగు నమోదు చేసిన ప్రతి స్థానమూ, నిజమైనదే.

సౌరశక్తితో నడిచే ట్యాగు బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు తరచుగా, తగ్గినప్పుడు అరుదుగా స్థానాన్ని నమోదు చేసేలా అమర్చబడి ఉంటుంది. మబ్బులు కమ్మితే అన్ని ట్యాగులూ మందగిస్తాయి. వీపు ఈకలు సోలార్ పలకను కప్పేస్తే ఆ ఒక్క పక్షి ట్యాగే మందగిస్తుంది. అప్పుడు ఒక పక్షి ఫిక్సు 10 గంటలకు, దాని పక్కనే ఎగురుతున్న పక్షి ఫిక్సు 10 గంటల 4 నిమిషాలకు పడుతుంది. రెక్కలు ఆడించకుండా సెకనుకు 12 మీటర్ల వేగంతో గాలిలో జారుతున్న పక్షి ఆ 4 నిమిషాలలో దాదాపు 3 కిలోమీటర్లు పోతుంది. కలిసి ఉండటానికి మీరు పెట్టుకున్న హద్దు 100 మీటర్లు. ఒకే ప్యాసింజరు బండిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరిని మంగళగిరిలోను, రెండవ వారిని కృష్ణా కెనాల్‌లోను లెక్క రాసుకుని, వీరికి పరిచయమే లేదని తేల్చడం ఇది.

సమయాలను 10 నిమిషాల గడులుగా కట్టే ప్రోగ్రాములు ఈ పొరపాటును ఇంకా లోపలికి దాచేస్తాయి, ఎందుకంటే ఒకే గడిలోని రెండు ఫిక్సుల మధ్య దాదాపు 10 నిమిషాల ఎడం ఉండవచ్చు. సాంగత్య సూచికల (రెండు పక్షులు కలిసి ఉన్న సందర్భాలను మొత్తం సందర్భాలతో భాగించిన సంఖ్యల) హారం మరో చిక్కు. కంటితో చూసి రాసుకునే పద్ధతిలో, ఒక పక్షి కనబడి రెండవది కనబడకపోతే ఆ సందర్భాన్ని విడిగా ఉన్నట్లు లెక్కిస్తారు. జీపీఎస్‌కు అదే సూత్రం వాడితే, ట్యాగు నిద్రపోయిన ప్రతిసారీ పక్షి మిత్రులను వదిలి పోయినట్లు నమోదవుతుంది.

నిర్ధారణకు ఒక్క బొమ్మ చాలు. అడ్డంగా ప్రతి పక్షికీ రోజుకు వచ్చిన ఫిక్సుల సంఖ్య, నిలువుగా దాని సంబంధాల మొత్తం బలం, అంటే మిగతా పక్షులన్నిటితో దాని సాంగత్య సూచికల కూడిక, పెట్టండి. చుక్కలు ఏటవాలుగా పైకి పోతే, మీరు కొలిచింది స్నేహం కాదు, వోల్టేజి.

సరిచేయడానికి, అన్ని పక్షుల ఫిక్సులనూ వాటిలో అతి మందకొడి ట్యాగు స్థాయికి పలచన చేయండి. డేటా పోతుందని బాధపడకండి. రెండు పక్షులకూ ఫిక్సు ఉన్న క్షణాలు మాత్రమే హారంలో ఉంచండి. ఎగురుతున్నప్పటి లెక్కను, మకాం లెక్కను వేరుచేయండి: మకాంలో కొన్ని నిమిషాల తేడా పరవాలేదు, కానీ జారే పక్షి విషయంలో 100 మీటర్ల హద్దుకు అనుమతించదగిన తేడా 8 సెకన్లే. ఖాళీలను సరళరేఖతో పూరించకండి. గిరికీలు కొట్టే పక్షి మార్గం సరళరేఖ కాదు. ఇంకా ట్యాగులు కట్టనివారైతే మరీ అదృష్టవంతులు: ప్రతి వోల్టేజి స్థాయికీ 5, 10, 20, 60 నిమిషాల వంటి వ్యవధులు పెట్టి, అవన్నీ గంట మొదటి నిమిషం నుంచే లెక్కించేలా అమర్చండి. అప్పుడు మందగించిన ట్యాగు కూడా మిగతావాటితో కలిసే మేల్కొంటుంది. గత ఫిక్సు నుంచి ఇన్ని నిమిషాలకు అనే అమరికను మాత్రం ఒప్పుకోకండి.

ఇంత చేసిన తరువాత కూడా తేడా మిగిలితేనే పక్షుల గురించి మాట్లాడవచ్చు. అప్పుడైనా, ప్రతి పక్షి దినచర్యలను ఒకటి రెండు వారాల పరిధిలో తారుమారు చేసి, ఒకే వేడిగాలికి, ఒకే మేతకు విడివిడిగా వచ్చిన పక్షులు ఎంత తరచుగా ఎదురుపడతాయో చూసి పోల్చాలి.

అరుదైనవి

గుంటూరులో నేల మీద కూర్చున్న పక్షి ఎత్తు సున్నాకు దిగువన వస్తే ట్యాగును అనుమానించకండి; దక్షిణ భారతంలో సముద్రమట్టం జీపీఎస్ ఎత్తులు కొలవడానికి భూమి ఆకారంగా వాడే ఊహా దీర్ఘగోళానికి పదుల మీటర్లు కిందుంటుంది, ఆ తేడాను కలిపితే సరిపోతుంది. రెండు పక్షులు రాత్రింబవళ్లు విడవకుండా అంటిపెట్టుకుని ఉంటే, అవి ఊడిపోయి ఒకే బీరువాలో పడి ఉన్న ట్యాగులేమో ట్యాగులోని కదలికలను నమోదు చేసే యాక్సిలరోమీటర్‌లో చూడండి.