వడదెబ్బకు జ్వరం బిళ్ల అడక్కండి

పోయిన వారం మా మెడికల్ షాపుకు రెండు సందుల అవతల, మేడ మీద సెంట్రింగ్ పని చేస్తున్న కుర్రాడు మధ్యాహ్నం పడిపోయాడు. తోటి పనివాడు పరుగెత్తుకుంటూ వచ్చి, "అన్నా, ఒళ్లు కాలిపోతోంది, జ్వరం బిళ్ల ఇవ్వు" అన్నాడు. మనిషి ఎక్కడున్నాడంటే, "నీడలో పడుకోబెట్టాం, ఏదేదో వాగుతున్నాడు, నిద్రపోతే తగ్గుద్ది" అన్నాడు. అప్పటికే చాలాసేపైంది. కుర్రాడు బతికాడు గానీ కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఇప్పుడు డయాలసిస్ మీద ఉన్నాడు.

నీళ్లు తాగండి, గొడుగు పట్టుకెళ్లండి, మజ్జిగ తాగండి అని మళ్లీ నేను చెప్పక్కర్లేదు. టీవీలో పొద్దున్నుంచి రాత్రిదాకా అదే చెబుతారు. రోహిణి కార్తె రాకముందే చెప్పాల్సింది ఇంకొకటుంది. ఏటా మా కౌంటర్ దగ్గర కనిపించే తప్పు ఇదే: ఎండలో తిరిగొచ్చిన మనిషి తేడాగా మాట్లాడుతుంటే పడుకోబెట్టడం, బిళ్ల కోసం షాపుకు రావడం.

ఆ బిళ్ల ఎందుకు పనిచేయదు

జ్వరమొచ్చినప్పుడు వేడి పెంచమని మెదడే ఒంటికి చెబుతుంది. పారాసెటమాల్ ఆ ఆజ్ఞను తగ్గిస్తుంది. వడదెబ్బలో అలాంటి ఆజ్ఞ ఏమీ ఉండదు. లోపల పుట్టిన వేడిని, బయట నుంచి ఎక్కిన వేడిని ఒళ్లు బయటికి పంపలేక చేతులెత్తేస్తుంది. అక్కడ బిళ్లకు పనేముంది? పైగా అప్పటికే కాలేయం దెబ్బతింటూ ఉంటే దాని మీద ఇంకో బరువు.

లోపలి వేడి 40 డిగ్రీలు, అంటే 104 ఫారన్‌హీట్ దాటి, మనిషి తికమకపడుతుంటే మెదడు, కిడ్నీలు, కండరాలు అన్నీ ఒకేసారి పాడవడం మొదలవుతుంది. ఎంత వేడెక్కాడన్నదే కాదు, ఎంతసేపు ఆ వేడిలో ఉన్నాడన్నది కూడా ప్రాణం మీదికి తెస్తుంది. మొదటి అరగంటలో ఒళ్లు చల్లబడితే చాలామంది నిలబడతారు. ఆ అరగంటనే మనవాళ్లు "కాసేపు పడుకోనీ" అంటూ పోగొడతారు.

థర్మామీటరు చంకలో పెడితే అసలు వేడి కన్నా తక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. పేరు అడగండి, ఈ రోజు ఏ వారమో అడగండి, చెయ్యి పైకెత్తమనండి. తడబడుతున్నాడా, విసుక్కుంటున్నాడా, తూలుతున్నాడా, అది వడదెబ్బే అనుకోండి. "చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే" అనే మాట కూడా తప్పు. ఇంట్లో ఉన్న ముసలివాళ్లకు ఒళ్లు పొడిగా ఉండొచ్చు. బరువులు మోసేవాడికి మాత్రం చెమట కారుతూనే వడదెబ్బ తగులుతుంది.

బెజవాడ ఎండ సంగతి

రెంటచింతలలో 46 అని పేపర్లో చదివి, మనకు 41 ఏ కదా అనుకుంటాం. ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, కారిపోయినంత మాత్రాన చల్లబడదు. తేమ ఉన్న 41, పొడిగా ఉన్న 44 కన్నా ఎక్కువ కష్టపెట్టగలదు. రాత్రి కూడా గోడలు సెగ కక్కుతుంటే ఒంటికి విశ్రాంతి ఉండదు, మర్నాటి ఎండ నిన్నటి అలసట మీద పడుతుంది. 2015 మే నెలలో వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా పోయారు. వాళ్లలో ముసలివాళ్లు, కూలీలు ఎక్కువ.

గుంటూరు మిర్చి యార్డు హమాలీలకు, ఆటోనగర్ వెల్డింగ్ వాళ్లకు ఎండ గురించి నేను పాఠం చెప్పను. చెప్పేది మేస్త్రీలకు, ఓనర్లకు. కొత్తగా చేరినవాడిని, ఊరెళ్లి వచ్చినవాడిని మొదటి రోజే పూర్తి పనిలో దించకండి. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం పది రోజులు పడుతుంది. పడిపోయేవాళ్లలో చాలామంది ఆ మొదటి రోజులవాళ్లే.

మందులు వాడేవాళ్లు

బీపీకి, గుండెకు ఇచ్చే నీరు తీసే బిళ్లలు ఎండాకాలంలో ఒంట్లో నీటిని, ఉప్పును మరీ లాగేస్తాయి. మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు చెమటనే తగ్గిస్తాయి. అలాగని మీరే మానేయకండి. చీటీ పట్టుకుని మీ డాక్టర్ దగ్గరకు వెళ్లి, ఎండల్లో డోసు మార్చాలా అని అడగండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు నీళ్లు ఎంత తాగాలో కూడా అక్కడే అడగండి. "ఎన్ని తాగితే అంత మంచిది" అన్న మాట వాళ్లకు పనికిరాదు.

ఇన్సులిన్‌ను బండి డిక్కీలో పెట్టుకుని తిరగొద్దు. ఫ్రీజర్‌లో అసలే పెట్టొద్దు, గడ్డకడితే అది పారేయాల్సిందే.

ఓఆర్‌ఎస్ విషయం. 20.5 గ్రాముల ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో కొంచెం, సీసాలో కొంచెం వేసుకుంటే ఉప్పు లెక్క తప్పుతుంది. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. రంగురంగుల డబ్బాల్లో వచ్చే తియ్యటి డ్రింకులు ఓఆర్‌ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని గారు ఏళ్ల తరబడి పోరాడాక, ఆ పేరు అలాంటి డ్రింకుల మీద వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది. అయినా "అదే ఓఆర్‌ఎస్ ఇవ్వండి" అంటూ ఫ్రిజ్ వైపు వేలు చూపించేవాళ్లు వస్తూనే ఉన్నారు.

మనిషి పడిపోతే

నీడలోకి లాగండి. 108కి ఫోన్ చేయండి. ఒకరు ఫోన్ చేస్తుంటే ఇంకొకరు బట్టలు వదులు చేసి నీళ్లు గుమ్మరించండి. బిందెతో, పైపుతో, ఏది దొరికితే దానితో. తడి ఒంటి మీద ఫ్యాన్ పెట్టండి, లేకపోతే అట్టముక్కతో విసరండి. ఐస్ ఉంటే గుడ్డలో చుట్టి మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. జలుబు చేస్తుందని ఆగకండి. జనం వచ్చేదాకా చూడకండి.

పడుకోబెట్టి వదిలేయకండి. మళ్లీ చెబుతున్నా, నిద్రపోతున్నాడని సంతోషపడకండి. లేపి చూడండి, లేవకపోతే అది నిద్ర కాదు.

స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. జేబులో ఉల్లిపాయ పెట్టి ఊరుకోకండి. ఇంటికొచ్చి గ్లూకోజ్ బాటిల్ పెట్టేవాళ్ల కోసం కబురు పంపకండి. ఆ సీసా ఎక్కేలోపు బయట నుంచి చల్లబరిస్తే ప్రాణం దక్కుతుంది. సొంత ఆటోలో తీసుకెళ్తున్నా దారిపొడవునా నీళ్లు పోస్తూనే వెళ్లండి, సీటు తడిస్తే తడవనివ్వండి.

పని దిగగానే క్వార్టర్ వేసుకోకండి. ఆవకాయకు మిరపకాయలు, ఆవాలు ఎండబోయడానికి పన్నెండింటికి మేడెక్కే అమ్మల్ని ఆపండి, ఎనిమిదింటికే పోసి సాయంత్రం తీసుకోమనండి. పెళ్లి ఊరేగింపులో బ్యాండు వాళ్లకు, లైట్లు మోసేవాళ్లకు నీళ్ల క్యాన్ పెట్టండి, పెళ్లివాళ్లు ఎప్పుడూ మర్చిపోయేది వాళ్లనే. ఆగి ఉన్న కారులో పిల్లాడిని రెండు నిమిషాలు కూడా ఉంచొద్దు. ఒంటరిగా ఉండే బామ్మకు పొద్దున, మధ్యాహ్నం ఫోన్ చేయండి, బాగున్నావా అని కాదు, ఏం తిన్నావని అడగండి. జవాబు పొంతన లేకుండా వస్తే వెంటనే వెళ్లండి, పక్కింటివాళ్లను లేపండి.

జ్వరం బిళ్ల కోసం రాకండి. నేను ఇవ్వను. నా దగ్గరకు వచ్చి వెళ్లే టైములో నాలుగు బిందెలు గుమ్మరించొచ్చు.

మొగల్రాజపురం, చిట్టినగర్ కొండల మీద ఉండేవాళ్లకు ఇంకో మాట. అంబులెన్సు మెట్లెక్కి రాదు. ఫోన్‌లో ఇంటి నంబరుతో పాటు కింద రోడ్డు మీద ఏ గుడి, ఏ షాపు దగ్గర ఆగాలో చెప్పండి, అక్కడ ఒక మనిషిని నిలబెట్టండి. ముందు పైనే ఒళ్లు బాగా తడపండి, ఆ తర్వాతే కిందికి దించండి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోయొచ్చు, మూడోవాడు తడిగుడ్డతో వెంట ఉండాలి.