సైకిల్ తొక్కాక మెడ నొస్తే ముందుగా హ్యాండిల్‌ను సరిచేయండి

హనుమకొండ నుంచి ధర్మసాగర్ వరకో, సెలవు రోజున రామప్ప గుడి వరకో సైకిల్‌పై వెళ్లి వచ్చాక మెడ పట్టేస్తే చాలామంది బామ్ రాసుకుని ఊరుకుంటారు. దానితో ఆ పూటకు ఉపశమనం కలుగుతుంది గానీ, మళ్లీ సైకిలెక్కగానే నొప్పి తిరిగి వస్తుంది. పెద్దవారి తల సుమారు 4.5 నుంచి 5 కిలోల బరువుంటుంది. నడుము ముందుకు వంగినప్పుడు దారి కనిపించాలంటే తలను పైకెత్తి ఉంచాలి కాబట్టి, మెడ వెనుక కండరాలు, భుజాల పైభాగపు కండరాలు ఆ బరువును విరామం లేకుండా మోస్తాయి. ఎంత ఎక్కువగా వంగితే అంత శ్రమ. అందుకే చికిత్సను సైకిల్‌తోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

హ్యాండిల్ ఎత్తును సీటుతో పోల్చి చూస్తాం కనుక ముందు సీటును సరిచేసుకోవాలి. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దానిపై మడమ పెడితే కాలు దాదాపు నిటారుగా రావాలి. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే శరీరం ముందుకు జారి, బరువంతా చేతులపై పడి, భుజాలు బిగుసుకుంటాయి; కాబట్టి సీటును సమంగా బిగించాలి.

ఇక హ్యాండిల్. మెడ నొప్పి ఉన్నవారికి అది సీటుతో సమానంగానో, కాస్త ఎత్తులోనో ఉండటం మేలు. మామూలు సైకిళ్లలో హ్యాండిల్ కాడ పైనున్న బోల్టును రెండు మూడు చుట్లు వదులు చేసి, దానిపై చెక్క ముక్క ఉంచి సుత్తితో మెల్లగా తడితే లోపలి పట్టు వదులుతుంది. అప్పుడు హ్యాండిల్‌ను పైకి లాగవచ్చు. అయితే కాడపై చెక్కిన గీత బయటికి కనిపించేంతగా లాగకూడదు, లాగితే కాడ విరిగే ప్రమాదం ఉంది. కొత్త తరహా గేర్ సైకిళ్లలో చాలావాటికి ఈ పద్ధతి కుదరదు. వాటిలో స్టెమ్‌ను, అంటే హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే ముక్కను, తిరగేసి బిగించడం, లేదా పొట్టిగా, పైకి వాలుగా ఉండే స్టెమ్ వేయించడం మార్గం. తిరిగి బిగించేటప్పుడు ముందు స్టెమ్ పైనున్న మూత బోల్టుతో సైకిల్ ముందుభాగంలో వదులు లేకుండా చేసి, ఆ తర్వాతే స్టెమ్ పక్క బోల్టులు బిగించాలి. చేతికి అలవాటు లేకపోతే ఈ పని మెకానిక్‌కే అప్పగించండి, ఎందుకంటే హ్యాండిల్ వదులుగా ఉంటే ప్రాణానికే ముప్పు. హ్యాండిల్ దూరంగా ఉందని సీటును ముందుకు జరిపేవారూ ఉన్నారు. దానివల్ల మెడ బాధ మోకాళ్లకు మారవచ్చు.

మార్పులను ఒకదాని తర్వాత ఒకటిగా చేసి, ప్రతిసారీ కొద్ది దూరం తొక్కి చూస్తేనే ఏది పనిచేసిందో తెలుస్తుంది.

తొక్కేటప్పుడు మోచేతులను కొద్దిగా వంచి ఉంచితే గతుకుల దెబ్బ మెడదాకా పోదు. టైర్లలో గాలిని కూడా టైరు పక్కన ముద్రించిన పరిమితుల మధ్య కొంత తక్కువ వైపే ఉంచుకోవచ్చు. హెల్మెట్ ముందు అంచు చూపుకు అడ్డొస్తే తల మరింత పైకెత్తాల్సి వస్తుంది కనుక దాన్ని సరిచేసుకోవాలి. కాకతీయ విశ్వవిద్యాలయానికో, నిట్‌కో సైకిల్‌పై వెళ్లే విద్యార్థులు పుస్తకాలు, ల్యాప్‌టాప్ ఉన్న సంచిని వీపున కాక క్యారియర్‌కు కట్టుకుంటే భుజాలకు పెద్ద ఊరట.

ఇంటి దగ్గర గడ్డాన్ని కిందికి వంచకుండా నేరుగా వెనక్కి లాగి 5 సెకన్లు ఆపడం, రెక్కల ఎముకలను వెనక్కి దగ్గర చేసి అంతే సేపు ఆపడం ఒక్కోటి 10 సార్లు చేయాలి. చేసేటప్పుడు నొప్పి పెరిగితే మానేయాలి. మెడ విరిపించుకోవడం మాత్రం వద్దు.

నొప్పి చేతిలోకి పాకినా, వేళ్లు తిమ్మిరెక్కినా, రెండు మూడు వారాలకూ తగ్గకపోయినా ఎముకల వైద్యుణ్ణి కలవాలి. చేతి పట్టు తప్పినా, నడక తడబడినా, కింద పడ్డాక నొప్పి మొదలైనా, జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోయినా ఆలస్యం చేయకుండా వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.